వైట్ ఓక్‌ను గుర్తుపట్టడం, గింజ నుంచి పెంచడం ఎలా

అమెరికా తూర్పు సగంలో ఉంటూ, ఇంటి వెనక కాస్త పెద్ద జాగా ఉండి, అక్కడ ఒక మహావృక్షం ఉంటే బాగుండని మీకు అనిపిస్తే వైట్ ఓక్ పెంచండి. శాస్త్రీయ నామం క్వెర్కస్ ఆల్బా. పైన దక్షిణ క్యూబెక్, ఒంటారియోల నుంచి కింద ఫ్లోరిడా ఉత్తర భాగం దాకా, పడమటి వైపు మిన్నెసోటా, తూర్పు టెక్సాస్ దాకా దీని సొంత నేల. చలికాలానికి ఆకు రాల్చే చెట్టు. 80 నుంచి 100 అడుగుల ఎత్తు ఎదుగుతుంది, చుట్టూ ఏ చెట్టూ లేకుండా బయట్లో ఉంటే దాదాపు అంత వెడల్పూ పరుచుకుంటుంది. కనెక్టికట్, ఇల్లినాయ్, మేరీలాండ్ మూడింటికీ రాష్ట్ర వృక్షం ఇదే. మేరీలాండ్‌లో వై ఓక్ అని పేరుపడ్డ చెట్టు 2002 జూన్‌లో గాలివానకి కూలిపోయేనాటికి దానికి 450 ఏళ్లు దాటి ఉంటాయని అంచనా. కాబట్టి ముందే చెప్పేస్తున్నా, రెండు మూడేళ్లలో నీడ కావాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, వేరే చెట్టు చూసుకోండి.

విత్తనం అనగానే ఎండబెట్టి, డబ్బాలో పోసి, అదను చూసి చల్లుకోవడం మనకి అలవాటు. వైట్ ఓక్ గింజని అలా ఎండబెట్టారంటే చంపేసినట్టే. అది చెట్టు మీంచి రాలిన కొద్ది రోజులకే, అదే శరదృతువులో వేరు వదిలేస్తుంది. ఓక్‌లలోనే ఇంకో రకమైన రెడ్ ఓక్ గింజ మాత్రం చలికాలమంతా నిద్రపోయి వసంతంలో మొలుస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏ ఓక్ కాయో తెలియకపోతే దాన్ని ఏం చేయాలో కూడా తెలియదు, అందుకే నాటడం కన్నా ముందు చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

ముందు సరైన చెట్టును పట్టుకోండి

ఆకుతో మొదలుపెట్టండి. వైట్ ఓక్ ఆకు 5 నుంచి 8 అంగుళాల పొడవుంటుంది, అంచు లోపలికి కోసుకుపోయి ఏడు నుంచి తొమ్మిది పాయలుగా విడి ఉంటుంది. ఆ పాయల కొసలు గుండ్రంగా ఉంటాయి. రెడ్ ఓక్ జాతుల్లో పాయ కొస సూదిగా తేలి, చివర వెంట్రుకంత ముల్లు ఉంటుంది, వేలితో రాస్తే తగులుతుంది. ఈ ఒక్క తేడాతోనే సగం పని అయిపోతుంది. ఆకు అడుగుభాగం లేత రంగులో, ముదిరాక నున్నగా ఉంటుంది, కాడ దగ్గరికి వచ్చేసరికి ఆకు సన్నబడిపోతుంది.

అయితే ఒక్క ఆకు చూసి తేల్చేయకండి. ఒకే చెట్టుకి పైన ఎండలో ఉన్న ఆకులు నడిమి ఈనె దాకా లోతుగా కోసుకుపోయి ఉంటాయి, కింద నీడలో ఉన్నవి వెడల్పుగా, పైపైన కోసినట్టుంటాయి. కొత్తవాళ్లు ఇవి రెండు వేర్వేరు చెట్ల ఆకులనుకుని కంగారుపడతారు. కింద రాలినవి ఓ పది ఏరి పక్కపక్కన పెట్టుకుంటే అసలు తీరు తెలుస్తుంది.

గుండ్రటి పాయలున్నవన్నీ వైట్ ఓక్‌లు కావు, దగ్గరి చుట్టాలు చాలానే ఉన్నాయి. బర్ ఓక్ ఆకు పై సగం బాగా వెడల్పై నడుం దగ్గర సన్నబడుతుంది, దాని కాయ మొదట్లో గిన్నెలా ఉండే టోపీ అంచున దారాల కుచ్చు వేలాడుతుంది, ఆ టోపీ కాయని సగానికి పైగా కప్పేస్తుంది. స్వాంప్ వైట్ ఓక్ ఆకు అడుగున తెల్లగా మెత్తటి నూగు ఉంటుంది, కాయలు పొడవాటి కాడలకి వేలాడతాయి. పార్కుల్లో నాటే ఇంగ్లిష్ ఓక్ కూడా కాయని పొడవు కాడకే కాస్తుంది, పైగా ఆకు మొదట్లో కాడకి అటూ ఇటూ చెవితమ్మెల్లాంటి రెండు చిన్న మడతలుంటాయి. వైట్ ఓక్ కాయకి కాడ ఉన్నా లేనట్టే. ఇంకో చిక్కు, ఈ చుట్టాలన్నీ ఒకదాంతో ఒకటి సంకరమవుతాయి. ఆకు వైట్ ఓక్‌లా, కాయ టోపీ బర్ ఓక్‌లా కనిపిస్తే అది బహుశా సంకరమే. అయినా పర్వాలేదు, పెంచే పద్ధతి ఏమీ మారదు.

బెరడు లేత బూడిద రంగు, దూరం నుంచి చూస్తే పక్క చెట్ల కన్నా తెల్లగా తేలిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ పొడవాటి పెచ్చులు ఒక అంచున అంటుకుని, రెండో అంచున లేచి ఉంటాయి. ముదురు చెట్ల మొదట్లో అక్కడక్కడా పెచ్చులన్నీ ఊడి నున్నటి మచ్చలు కనిపిస్తే జబ్బేమోనని టెన్షన్ పడకండి. అది చచ్చిన పైబెరడుని తినే ఒక శిలీంధ్రం పని, చెట్టుకి దానివల్ల నష్టం లేదు.

చలికాలంలో ఆకుల్లేనప్పుడు కొమ్మ కొస చూడండి. ఏ ఓక్‌కైనా కొసన మొగ్గలు గుంపుగా ఉంటాయి. వైట్ ఓక్‌వి అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటాయేమో, ఎర్రటి గోధుమరంగులో మొద్దుగా, గుండ్రంగా, నూగు లేకుండా ఉంటాయి. రెడ్ ఓక్‌వి పెద్దవి, కొస తేలినవి. లేత చెట్లైతే ఎండిన ఆకుల్ని చలికాలమంతా కొమ్మలకే పట్టుకుని ఉంటాయి, చచ్చిపోయిందనుకుని కొట్టేసేవాళ్లు ఉంటారు, మీరు ఆ పని చేయకండి. ఇక వసంతంలో మొగ్గ విచ్చుకునే ఆ వారం మాత్రం తప్పకుండా దగ్గరికెళ్లి చూడండి: అరంగుళం ఆకు, పాయలన్నీ అప్పటికే ఏర్పడి, గులాబీ రంగు మీద వెండి నూగుతో ఉంటుంది, పట్టుకుంటే పిల్లి చెవంత మెత్తన. నాలుగు రోజుల్లో ఆ రంగు పోయి మామూలు పచ్చగా అయిపోతుంది.

కాయ, అంటే ఏకార్న్, ముప్పావు అంగుళం అటూ ఇటూ ఉంటుంది. టోపీ పావు వంతే కప్పుతుంది, దాని పైన బొడిపెలుంటాయి. ఇంకా అనుమానంగా ఉంటే కాయని పగలగొట్టి పెంకు లోపలి వైపు చూడండి. రెడ్ ఓక్‌దైతే లోపల నూగు ఉంటుంది, వైట్ ఓక్‌ది నున్నగా ఉంటుంది.

కాయలు ఏరడం

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రాలతాయి, దక్షిణాన ఇంకాస్త ఆలస్యం కావచ్చు. చెట్టు మీది కాయని వసంతం నుంచే గమనిస్తూ ఉంటే మంచిది, ఎందుకంటే వైట్ ఓక్ ఏటా కాయదు. ఒక ఏడాది విరగ్గాసి, తర్వాత చాలా ఏళ్లు అంతంతమాత్రంగా కాస్తుంది. ఒక్కో ఏడు ఊరంతా తిరిగినా దోసెడు దొరకవు. కాబట్టి విరగ్గాసిన ఏడాది వదులుకోకండి. చెట్టు వేరేవాళ్ల జాగాలో ఉంటే ఒక మాట అడిగి ఏరుకోండి, ఎవరూ కాదనరు.

మొదట రాలేవి చాలావరకు పుచ్చులే, వాటిని వదిలేసి రాలడం జోరందుకున్నాక వెళ్లండి. రాలిన రోజో మర్నాడో ఏరాలి. బరువుగా, నిగనిగలాడుతూ, టోపీ తేలిగ్గా ఊడొచ్చేవి తీసుకోండి. టోపీ గట్టిగా పట్టుకుని ఉన్నవీ, గుండుసూది తలంత గుండ్రటి బెజ్జం ఉన్నవీ వద్దు. ఆ బెజ్జం ఏకార్న్ పురుగుది. తల్లి పురుగు పొడవాటి ముక్కుతో లేత కాయని తొలిచి గుడ్డు పెడుతుంది, లార్వా లోపలి పప్పు తిని బలిసి, కాయ రాలాక పెంకుకి బెజ్జం చేసుకుని బయటికొచ్చి మట్టిలోకి దూరిపోతుంది. అంటే బెజ్జం కనిపించేసరికి లోపల తినాల్సిందంతా తినేసిందన్నమాట. బెజ్జం లేనిదాంట్లో పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు.

అందుకే నీళ్ల పరీక్ష. బకెట్‌లో నీళ్లు పోసి కాయలన్నీ వేసి రాత్రంతా వదిలేయండి. మునిగినవి ఉంచుకోండి, తేలినవి బయట పారేయండి. కొంతమంది వేసిన అయిదు నిమిషాలకే తేలినవన్నీ తీసేస్తారు, అంత తొందర వద్దు, నేల మీద ఒకటి రెండు రోజులు ఆరిన మంచి కాయ కూడా మొదట తేలి, తెల్లారేసరికి నీళ్లు పీల్చుకుని మునుగుతుంది.

ఇంటికి తెచ్చేదాకా కవర్‌ని కారులో ఎండకి వదిలేయొద్దు. ఆ రోజే నాటలేకపోతే కొద్దిగా తడిపిన రంపపుపొట్టుతోనో పీట్ మాస్‌తోనో (తేమ పట్టి ఉంచే ఎండు నాచు) కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి పూర్తిగా బిగించకుండా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. తడి అంటే పిండితే నీళ్లు కారకూడదు, కారితే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లోనే కొన్నిటికి వేరు బయటికొచ్చేస్తుంది. అదేం తప్పు కాదు, కాకపోతే ఇక ఆలస్యం చేయొద్దని అర్థం. రెడ్ ఓక్ కాయలైతే ఇదే అరలో చలికాలమంతా ఉంచి వసంతంలో నాటుకోవచ్చు.

బూడిదరంగు ఉడుతలకి ఈ తేడా మనకంటే బాగా తెలుసు. రెడ్ ఓక్ కాయల్ని ఉన్నపళంగా పాతిపెట్టుకుంటాయి, వైట్ ఓక్ కాయల్ని మాత్రం చాలాసార్లు కొస దగ్గర కొరికి మొలక భాగాన్ని పీకేశాకే పాతుతాయి. లేకపోతే దాచుకున్న తిండి మొలిచి పోతుంది మరి. కాయ కొసన పళ్ల గాటు కనిపిస్తే అది ఇక మొలవదు, పక్కన పడేయండి.

చోటు చూసుకోవడం

దీనికి తొందరపడకండి, నాటాక మార్చడం చాలా కష్టం. రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. ఇంటికి 40, 50 అడుగుల దూరం ఉంటే మేలు, పైన కరెంటు తీగలుండకూడదు. కింద ఏమున్నాయో కూడా చూసుకోవాలి: తవ్వడానికి కొద్ది రోజుల ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, నీళ్ల లైన్లు ఎక్కడెక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు.

నేల కొంచెం ఆమ్లగుణంతో, నీళ్లు ఇంకిపోయేలా ఉండాలి. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నిలిచి ఉంటే వైట్ ఓక్ వద్దు, అక్కడ స్వాంప్ వైట్ ఓక్ బాగా వస్తుంది. నేల పీహెచ్ 7 దాటి క్షారగుణం ఉన్నచోట ఇనుము అందక, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపెక్కిపోతుంది. అలాంటి నేలని మందులతో ఏళ్ల తరబడి సరిచేస్తూ కూర్చోవడం కంటే బర్ ఓక్ వేసుకోవడం తెలివైన పని, అది క్షారపు నేలని బాగా ఓర్చుకుంటుంది.

నాటడం

నా సలహా ఒక్కటే, చెట్టు ఎక్కడ ఉండాలో గింజని అక్కడే పెట్టండి. ఓక్ ముందు తల్లివేరుని కిందికి దింపుతుంది, ఆకు ఆ తర్వాతే. కుండీలో పెంచితే ఆ వేరు అడుగు తాకి చుట్టలు చుట్టుకోవడం మొదలుపెడుతుంది, పెద్దదాన్ని తవ్వి మారిస్తే సగం వేరు తెగిపోయి అది కోలుకోవడానికే ఏళ్లు పడుతుంది. నేరుగా మొలిచిన మొక్కకి ఈ బాధలేవీ ఉండవు.

మూడడుగుల వెడల్పున గడ్డి పూర్తిగా తీసేయండి. మట్టిని జానెడు లోతు వదులు చేయండి, ఎరువు కలపొద్దు. ఒక్కో చోట మూడు నాలుగు కాయల్ని ఒకదానికొకటి ఆరు అంగుళాల దూరంలో, అంగుళం లోతున, పక్కకి పడుకోబెట్టి నాటండి. ఇప్పటికే వేరు వచ్చినదైతే వేరు కిందికి ఉండేలా చూసుకోండి. వేరు కొస విరిగినా పారేయకండి, పక్క నుంచి మళ్లీ వేరు వేస్తుంది.

ఇక అసలైన పని: కాపలా. అరంగుళం కన్నుల ఇనుప జల్లెడని గొట్టంలా చుట్టి, నాలుగైదు అంగుళాలు భూమిలోకి దించి, పైన కూడా జల్లెడతోనే మూయండి. ఇది లేకుండా నాటడమంటే ఉడుతలకి వడ్డించడమే, వాసన పట్టి తవ్వుకుపోతాయి. మీద రాలిన ఆకులు రెండంగుళాలు పరిచి ఒకసారి బాగా నీళ్లు పెట్టండి. నేల గడ్డకట్టేలోపు ఇదంతా అయిపోవాలి.

చలికాలమంతా పైకి ఏమీ కనిపించదు. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రటి సన్నని కాడ ఒకటి, ఆకుల్లేకుండా, చిన్న పొలుసులతో నేలలోంచి లేస్తుంది. చిక్కుడులా పప్పు బద్దలు పైకి రావు, అవి పెంకులోనే ఉండిపోయి కింద నుంచే మొక్కకి తిండి పెడుతుంటాయి. కాబట్టి మొలిచిందో లేదో చూద్దామని తవ్వకండి, పక్కన మిగిలిపోయిన కాయని పీకేయకండి. కాడ కొసన నాలుగైదు ఆకులు ఒకేచోట విప్పుకుంటాయి, అక్కడే చిన్న మొగ్గ కట్టి ఎదుగుదల ఆగిపోతుంది. నాలుగంగుళాల దగ్గర ఆగిపోయిందేంటని దిగులు వద్దు. పైన ఆగినా కింద వేరు దిగుతూనే ఉంటుంది, మొదటి ఏడాదిలోనే వేరు అడుగు లోతు దాకా పోవచ్చు. నేల తడిగా, ఎండ బాగా ఉంటే అదే వేసవిలో రెండో విడత చిగురు వేస్తుంది. లేకపోతే వచ్చే ఏడాదే.

కుండీ తప్పనిసరి అయితే కనీసం అడుగు లోతున్నది, కిందిభాగం తెరిచి జల్లెడ బిగించింది తీసుకుని, గాలి తగిలేలా ఎత్తు మీద పెట్టండి. గాలికి వేరు కొస ఎండి ఆగిపోయి పక్క వేర్లు వస్తాయి, చుట్టలు చుట్టుకోదు. ఒక్క సీజన్ కంటే ఎక్కువ ఉంచొద్దు, ఆకు రాలగానే నేలలో పెట్టేయండి. కొనాలనుకుంటే చాలా రాష్ట్రాల అటవీ శాఖల నర్సరీలు చిన్న మొక్కలు అమ్ముతాయి. పదడుగుల చెట్టు కొని తెచ్చి కోలుకునే దాకా ఎదురుచూడటం కన్నా అడుగు మొక్కే నయం.

మొదటి అయిదారేళ్లు

రెండో ఏడాది నాటికి బలమైన మొక్కని ఒక్కదాన్నే ఉంచి మిగతావాటిని నేల మట్టానికి కత్తిరించండి. పీకితే ఉంచుకున్నదాని వేరు కదులుతుంది.

గడ్డి దీనికి పెద్ద శత్రువు. ఆ మూడడుగుల వలయం ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి, రెండు మూడు అంగుళాల మల్చ్ (చెక్క ముక్కలు, ఎండాకుల్లాంటి కప్పు) వేయండి, కాకపోతే కాండానికి నాలుగంగుళాల దూరం వదలండి. కాండం చుట్టూ గోపురంలా పోసే అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది, దానివల్ల బెరడు కుళ్లుతుంది, చలికాలంలో ఎలుకలు అందులో దాక్కుని మొదలంతా కొరికేస్తాయి. వాన లేని వారం ఒకసారి నింపాదిగా, లోతుకి దిగేలా నీళ్లు పెట్టండి, రోజూ చిలకరించడం వల్ల లాభం లేదు. ఎరువు అక్కర్లేదు.

జింకలు తిరిగే చోటైతే అయిదడుగుల తీగ కంచె వేయండి, లేదా అంతే ఎత్తున్న ట్రీ ట్యూబ్, అంటే మొక్క చుట్టూ వేసే ప్లాస్టిక్ గొట్టం, తొడగండి. ట్యూబ్‌కి గాలి బెజ్జాలుండాలి, పైన పిట్టలు పడకుండా వల కట్టాలి. కొస మొగ్గ ట్యూబ్ దాటి బాగా పైకెళ్లి, కాండం సొంతంగా నిలబడగలిగినప్పుడు తీసేయండి. ఒకవేళ జింక కొస తినేసినా, గడ్డి కోసే మెషిన్ తగిలి కాండం తెగినా మొక్కని వదిలేయకండి. వేరు బతికే ఉంటుంది కాబట్టి మొదట్లోంచి కొత్త చిగురు వస్తుంది, వచ్చినవాటిలో నిటారుగా ఉన్నదాన్ని ఉంచుకోండి.

కత్తిరింపు, జబ్బులు

కత్తిరింపు చలికాలంలోనే. ఏప్రిల్ నుంచి జులై దాకా ఓక్ మీద కత్తి పెట్టొద్దు, దక్షిణ రాష్ట్రాల్లో ఈ గడువు ఇంకా ముందే మొదలవుతుంది. దీనికి కారణం ఓక్ విల్ట్. బ్రెట్జియెల్లా ఫగాసియరం అనే శిలీంధ్రం వల్ల వస్తుంది, పచ్చి గాయం వాసనకి వచ్చే చిన్న పెంకు పురుగులు దాన్ని మోసుకొస్తాయి, పక్కపక్క చెట్ల వేర్లు కలిసిపోయిన చోట కింద నుంచి కూడా పాకుతుంది. రెడ్ ఓక్‌లు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. వైట్ ఓక్ అంత తేలిగ్గా లొంగదు, ఒక్కో కొమ్మా ఎండుతూ ఏళ్లు లాగుతుంది, కొన్ని బతికి బట్టకడతాయి కూడా. మామూలుగా చెట్టు గాయానికి పెయింట్ వేయొద్దంటారు, కానీ ఆ నెలల్లో గాలికి కొమ్మ విరిగితే ఓక్‌కి మాత్రం వెంటనే వేసేయాలి. జబ్బున్న ప్రాంతం నుంచి ఓక్ కట్టెలు తెచ్చుకోకండి.

లేత చెట్టుకి కత్తిరింపు కూడా పెద్దగా ఏమీ ఉండదు. పైకి రెండు కొసలు పోటీపడుతుంటే ఒకటి తీసేయండి, చచ్చిన కొమ్మలు తీసేయండి, అంతే.

వానలు ఎక్కువ పడ్డ వసంతంలో కింది ఆకులు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోతాయి, అది ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు జబ్బు. ఆకుల మీద బుడిపెలు, ఉండలు కనిపిస్తే అవి చిన్న కందిరీగల్లాంటివి గుడ్లు పెట్టడం వల్ల లేచినవి. రెండిటికీ మందు కొట్టక్కర్లేదు. ఆకు కొరికిన గొంగళిపురుగు కనిపించినా అంతే, ఓక్‌ల మీద వందల రకాల సీతాకోకల, మాత్‌ల పిల్లలు బతుకుతాయి, పిట్టలు తమ పిల్లలకి పెట్టేది వాటినే. చెట్టు ఆకులన్నీ తినేయగల స్పాంజీ మాత్ ఒక్కటే మినహాయింపు. చలికాలంలో కాండం మీద లేత గోధుమరంగు మెత్తటి గుడ్ల పట్టీలు కనిపిస్తే గీకి సబ్బునీళ్లలో వేయండి.

చెట్టు పెద్దదయ్యాక

కాయ మొదటిసారి కనిపించడానికి 20 ఏళ్లు పట్టొచ్చు, బాగా కాయడానికి 50. ఈలోగా చెట్టుకి పెద్ద ప్రమాదం మనుషుల నుంచే. నీళ్లు, గాలి పీల్చే వేర్లలో ఎక్కువభాగం పైనున్న అడుగున్నర మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. ఆ నేల మీద కార్లు ఆపినా, ఎత్తు పెంచుదామని నాలుగంగుళాల మట్టి పోసినా, డ్రైవ్‌వే కోసం ఒక పక్క తవ్వినా వేర్లకి ఊపిరాడదు. చెట్టు ఆ ఏడాదే ఏమీ చూపించదు, మూడు నాలుగేళ్లకి పై కొమ్మలు ఎండటం మొదలయ్యేసరికి చేయగలిగింది పెద్దగా ఉండదు. ఇంటికి ఇంకో గది వేస్తున్నా, డెక్ కడుతున్నా పనివాళ్లు రాకముందే కొమ్మల అంచు వెంబడి, వీలైతే ఇంకాస్త అవతలికి, తాత్కాలిక కంచె వేయించండి, సిమెంటు బస్తాలూ మెషిన్లూ ఆ కంచె దాటి లోపలికి రాకూడదని కాంట్రాక్టర్‌తో ఒప్పందంలోనే రాయించుకోండి.